తందాన సర్వరు

ఆఫీసులో అందరూ ఆయన్ని మాస్టారనే పిలిచేవాళ్ళు. పదకొండేళ్ళు ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పి, ఆ కాలేజీ మూతపడ్డాక ఈ చిన్న కంపెనీలో చేరాడు. వయసు యాభై దాటింది. చుట్టూ కూర్చునేవాళ్ళంతా ఆయన కూతురి ఈడువాళ్ళు. పాఠాలు మానేశాడు గానీ పాఠం చెప్పే గొంతు మానలేదు. ఎవరైనా 'ఇదెందుకు పనిచేయడం లేదు మాస్టారూ' అంటే చాలు, కుర్చీ లాక్కుని ఓనమాల దగ్గర నుంచి మొదలుపెట్టేవాడు. అడిగిన పాపానికి వాళ్ళు గోడ గడియారం చూస్తూ కూర్చునేవాళ్ళు.

కంపెనీ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. వృద్ధాశ్రమాల్లో డాక్టరు ఎప్పుడూ అక్కడే ఉండడు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే నర్సు ట్యాబ్ తీసి, గది నంబరు వేసి, ఏం ఇబ్బందో రెండు ముక్కలు రాసి, ఎర్ర బొత్తాం నొక్కాలి. ఆ కబురు కంపెనీ సర్వరుకి చేరుతుంది. సర్వరు డ్యూటీ డాక్టరు ఫోను మోగిస్తుంది. ఆయన సరేనంటే ట్యాబ్ మీద పచ్చటి టిక్కు పడుతుంది. ఎవరు ఎన్ని గంటలకు నొక్కారో, డాక్టరు ఎప్పుడు సరేనన్నాడో అంతా సర్వరు రాసి పెట్టుకుంటుంది. చెప్పామంటే చెప్పలేదని వాదులాడుకునే రోజులు పోయాయని కంపెనీవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా గొప్పలు పోయేవాళ్ళు.

చిక్కల్లా పరీక్షించే దగ్గర వచ్చేది. బొత్తాం రంగు మార్చినా సరే, పనిచేస్తోందో లేదో నొక్కి చూడాలి కదా. నొక్కితే ఎక్కడో ఒక డాక్టరు ఫోను మోగుతుంది. ఒకసారి అలా మోగితే ఒకాయన తలనిండా సబ్బు నురగతోనే కారెక్కాడని ఆఫీసులో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. ఆ గోల పడలేక మాస్టారు ఒక మధ్యాహ్నం కూర్చుని, మూలపడిన పాత లాప్‌టాప్‌లో ఒక బొమ్మ సర్వరు తయారుచేశాడు. ప్రోగ్రాము మొత్తం కలిపి తొంభై లైన్లు లేవు. వచ్చిన కబురును చెవిన వేసుకుంటుంది, 'అందింది. డాక్టరు బయల్దేరారు. పదిహేను నిమిషాలు' అని బదులిస్తుంది. అంతకుమించి దానికేమీ తెలీదు. నిజంగా డాక్టరున్నాడా, రోగి ఉన్నాడా అన్నది దానికి పట్టదు. ఏమన్నా ఔననే దాని వాటం చూసి కుర్రకారు దానికి తందాన అని పేరు పెట్టారు.

దాని గురించి మాస్టారు రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పేవాడు. వచ్చిన కబుర్లను అది బుర్రలో మాత్రమే ఉంచుకుంటుంది, ఎక్కడా రాసుకోదు. ఆపితే అన్నీ మర్చిపోతుంది. పరీక్షల చెత్త దాచుకుని ఏం చేసుకుంటాం అనేవాడు. రెండోది ఆయనకు మరీ ముద్దు. తన ప్రోగ్రాము ఉన్న ఫైలును అది తనే కనిపెట్టుకుని ఉంటుంది. అందులో ఒక్క అక్షరం మార్చి సేవ్ చేసినా వెంటనే తనంతట తాను ఆగి, మళ్ళీ కొత్తగా మొదలవుతుంది. మనం ఆపనక్కర్లేదు, మొదలుపెట్టనక్కర్లేదు. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఇది చేసి చూపించి, వాళ్ళు మెచ్చుకునేదాకా వదిలేవాడు కాదు. బయట ఉన్న ట్యాబులతో కూడా పరీక్షించుకోవచ్చని ఇంటర్నెట్టు లోంచి దానికి ఒక దారి కూడా తెరిచిపెట్టాడు. ప్రతి ట్యాబులోనూ లోపల ఎక్కడో రెండు అడ్రసులు ఉంటాయి. ఒకటి నిజం సర్వరుది, ఒకటి తందానది. ఏది కావాలంటే దాన్ని ఎంచుకోవచ్చు.

మాస్టారి చెల్లెలు నర్సు. పందొమ్మిదేళ్ళ అనుభవం. పెళ్ళి చేసుకోలేదు, ఎవరైనా కదిపితే పదకొండు మంచాలు చూసుకోవడానికే ఊపిరాడటం లేదు, పన్నెండో మనిషినెక్కడ పెట్టుకోను అని నవ్వేసేది. అన్న ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. ఇంట్లో అందరికీ ఆమె బుల్లి. ఆమె పనిచేసే వృద్ధాశ్రమానికి ఈ ట్యాబులు వచ్చింది కూడా మాస్టారి మాట మీదే.

ఒక గురువారం ఆ ఆశ్రమం రెండో అంతస్తు ట్యాబ్ కిందపడి పగిలింది. అది చెల్లెలి అంతస్తు కాబట్టి, కొత్తది మాస్టారే పట్టుకెళ్ళాడు. కొత్త ట్యాబులో బొత్తాలు కాస్త అటూ ఇటూ మారాయి. ముగ్గురు నర్సులు నొక్కి అలవాటు చేసుకోవాలి. ఉత్తుత్తి కబుర్లకు డాక్టరును పరిగెత్తించడం ఎందుకని మాస్టారు దాన్ని తందాన వైపు తిప్పాడు. మంచి పనే చేశాడు. నర్సులు ముగ్గురూ చిన్నపిల్లల్లా దాని మీద పడ్డారు. ఒకావిడ 'వంటాయనకి కోపం వచ్చింది, డాక్టరు కావాలి' అని రాసి నొక్కింది. డాక్టరు బయల్దేరారని తందాన ఎంతో మర్యాదగా బదులిచ్చింది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. ఇంతలో మాస్టారికి మేనేజరు ఫోను చేసి, ఇంకో చోట ఏదో ఆగిపోయింది, వెంటనే వెళ్ళమన్నాడు. ట్యాబ్ చెల్లెలి చేతిలో పెట్టి మాస్టారు మెట్లు దిగాడు.

వెళ్ళేముందు దాన్ని తిరిగి నిజం సర్వరు వైపు తిప్పాలి. తిప్పలేదు. తిప్పాననే అనుకున్నాడు. వందసార్లు చేసిన పని, చేసినట్టే గుర్తుండిపోయింది.

మూడు రోజులు రెండో అంతస్తులో ఎవరికీ డాక్టరు అవసరం పడలేదు. ఆదివారం మధ్యాహ్నం పడింది. ఆరో గదిలో వాచీలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. గదిలో గడియారం రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతోందని, స్టూలు వేసిస్తే తనే సరిచేస్తానని రోజూ బుల్లితో పేచీ పెట్టుకునేవాడు. మూడు గంటల పది నిమిషాలకు ఆయనకు ఊపిరి అందలేదు. బుల్లి రాసి నొక్కింది. పచ్చ టిక్కు పడింది, డాక్టరు బయల్దేరారని వచ్చింది. తలగడలు ఎత్తు పెట్టింది, చిన్న సిలిండరు తెచ్చి ఆక్సిజను పెట్టింది, వచ్చేస్తున్నారు తాతగారూ అని చెప్పింది. ఆయన సరేనని కళ్ళు మూసుకున్నాడు. పదిహేను నిమిషాలు గడిచాయి. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే జవాబు. ఆ పూట ఆ అంతస్తులో ఆమె ఒక్కతే. తొమ్మిదో గదిలో ఒక పెద్దావిడ బాత్రూములో జారిపడి కేకలు పెడుతోంది. అటు పరిగెత్తి, ఇటు వచ్చి, మళ్ళీ నొక్కి, అటు వెళ్ళి. టిక్కు పడ్డాక సొంత ఫోను వాడకూడదని ఆశ్రమంలో గట్టి నియమం. మొత్తం ఐదుసార్లు నొక్కాక ఆ నియమాన్ని గాలికొదిలేసి డాక్టరుకి తనే ఫోను చేసింది. ఆయన ఇంట్లో భోంచేసి పడుకుని ఉన్నాడు. నాకే కబురూ రాలేదే అన్నాడు. పన్నెండు నిమిషాల్లో పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముసలాయన అప్పటికే పోయాడు.

మర్నాడు ఆశ్రమం నుంచి కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. చూసి రమ్మని మాస్టారినే పంపారు. ఫిర్యాదు వస్తే ముందు ట్యాబును రీసెట్ చెయ్యాలన్నది కంపెనీలో ఉన్న ఆచారం. సగం తిప్పలు దాంతోనే పోతాయని మాస్టారే పెట్టిన ఆచారం అది. రీసెట్ చేస్తే ట్యాబ్ నిజం సర్వరు అడ్రసు తనంతట తనే వేసుకుంటుంది. చేశాడు, నొక్కాడు, డాక్టరు ఫోను మోగింది. ట్యాబులో ఏ లోపమూ లేదని రాసుకున్నాడు. ఆఫీసుకి వచ్చి నిజం సర్వరు లెక్కలు తీసి చూశాడు. ఆదివారం రెండో అంతస్తు నుంచి ఒక్క కబురు కూడా రాలేదు. అదే సంగతి కంపెనీ లెటరుహెడ్డు మీద రాసి, ఆశ్రమానికీ, నర్సుల మండలికీ పంపారు.

ఆ సాయంత్రం ఇంట్లో బుల్లి భోజనం ముందు కూర్చుని చెయ్యి కదపలేదు.

"ఐదుసార్లు నొక్కానన్నయ్యా. డాక్టరు బయల్దేరారని కూడా వచ్చింది. నా కళ్ళతో చూశాను."

"సర్వరులో ఒక్కటి కూడా లేదమ్మా. ఆ మాట రావాలంటే ముందు సర్వరుకి చేరాలి. చేరితే రాసి ఉంటుంది."

మాస్టారి భార్యకు కంప్యూటరంటే ఆమడ దూరం. ఆవిడ మాత్రం వదినగా తనకు తోచింది చెప్పింది. ఐదంటే ఐదేననీ, చిన్నప్పుడు పంచదార దొంగతనంగా తిన్నా ఎన్ని చెంచాలో తనే వచ్చి చెప్పేదని అత్తయ్య అనేవారనీ అంది. నీకు తెలియని విషయాల్లో తలదూర్చకని మాస్టారు ఆవిడ నోరు మూయించాడు. ఆ ఇంట్లో ఆ రోజు సరైన మాట చెప్పింది ఆవిడొక్కతే.

తర్వాత పది పన్నెండు రోజులు మాస్టారు చెల్లెలికి పాఠం చెప్పాడు. కోపంతో కాదు, ప్రేమతోనే. అదే ఇందులో ఘోరం. అలసిపోయిన మనిషి చెయ్యాలనుకున్న పని చేసేశాననుకుంటుందనీ, తలుపుకి తాళం వేశామో లేదోనని సగం దారి నుంచి మనమంతా వెనక్కి రావడం లేదా అనీ, అంతకుముందు రోజు నువ్వు రెండు డ్యూటీలు చేశావు కదా అనీ ఓపిగ్గా, కాలేజీలో వెనక బెంచీ వాళ్ళకు చెప్పినట్టు చెప్పాడు. మొదటి మూడు రోజులు ఆమె ఒప్పుకోలేదు. నాలుగో రోజు 'నొక్కానే' అనడం మాని 'నొక్కాననే అనుకుంటున్నాను' అంది. వారం తిరిగేసరికి 'ఏమో' అంది. రాతపూర్వకమైన లెక్కకు ఎదురు నిలిచి వాదిస్తే లైసెన్సు పూర్తిగా పోతుంది, తప్పు ఒప్పుకుంటే ఆరు నెలల సస్పెన్షన్‌తో సరిపెడతారని మాస్టారు ఎవరెవరినో అడిగి తెలుసుకొచ్చాడు. చివరికి ఆమె మండలికి ఉత్తరం రాసింది. నేను కబురు పంపలేదు, అలసటలో పంపాననుకున్నాను, ఆయన ప్రాణం నా పొరపాటు వల్ల పోయింది అని. 'అనుకుంటా' అని ఉన్న రెండు చోట్ల మాస్టారే కొట్టేసి, గట్టిగా ఉండాలని సరిదిద్దాడు.

ఉత్తరం ఇచ్చేశాక బుల్లి మనసు తేలికపడుతుందనుకున్నాడు. ఆమె తన చేతుల్ని నమ్మడం మానేసింది. గ్యాసు కట్టేసి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూసేది, గదిలోకి వచ్చి మళ్ళీ లేచేది. వదిన బీపీ మాత్ర తెచ్చివ్వమంటే, ఇచ్చాక 'ఇచ్చాను కదా వదినా' అని మూడుసార్లు అడిగేది. పందొమ్మిదేళ్ళు నలుగురి ప్రాణాలు కాసిన మనిషి, మంచినీళ్ళ గ్లాసు కడిగానో లేదో తేల్చుకోలేక సింకు దగ్గర నిలబడిపోయేది.

విచారణ రోజు వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి. మాస్టారు పొద్దున ఆఫీసుకి వెళ్ళి, రెండింటికి సెలవు అడిగి పెట్టుకున్నాడు. పన్నెండు ప్రాంతంలో ఒకమ్మాయి వచ్చి, తందాన నీరసపడింది మాస్టారూ, నొక్కితే నిమిషానికి గానీ పలకడం లేదు అని చెప్పి క్యాంటీనుకి వెళ్ళిపోయింది. ఆగకుండా నడుస్తూ నలభై రోజులు దాటింది. కబుర్లన్నీ బుర్రలో పేరుకుపోయి బరువెక్కి ఉంటుంది. ఆపి మళ్ళీ మొదలుపెడితే సరిపోతుంది. అయినా ఎంత పేరుకుందో చూద్దామని మాస్టారు ఆ మూల కుర్చీలో కూర్చుని జాబితా తెరిచాడు. కొత్తవి అడుగున ఉంటాయి, పాతవి పైన. పైనున్నవి ఎప్పుడూ ఎవరూ చూడరు. పైనుంచి మొదలుపెట్టాడు.

పరీక్ష. పరీక్ష. పరీక్ష రెండు. ఎవరో తమ పిల్లి పేరు రాశారు. తర్వాత 'వంటాయనకి కోపం వచ్చింది, డాక్టరు కావాలి' అని కనిపించింది. మాస్టారు ముందు నవ్వాడు. ఆ ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వడం గుర్తొచ్చి, ఒంటరిగా కూర్చుని మళ్ళీ నవ్వాడు. నవ్వుతూనే కిందికి జరిపాడు.

ఆదివారం, మూడూ పది. ఆరో గది. ఊపిరి అందడం లేదు.

ఆదివారం, మూడూ ఇరవై ఆరు. ఆరో గది. డాక్టరు ఇంకా రాలేదు.

మూడూ ముప్పై ఐదు. ఆరో గది. పెదాలు నీలంగా ఉన్నాయి.

మూడూ నలభై ఒకటి. దయచేసి త్వరగా.

మూడూ నలభై ఎనిమిది. వస్తున్నారా.

ఐదు కబుర్ల పక్కనా తందాన జవాబు ఉంది. అందింది. డాక్టరు బయల్దేరారు. పదిహేను నిమిషాలు.

మాస్టారికి గురువారం మెట్లు దిగడం గుర్తొచ్చింది. ట్యాబును తిరిగి తిప్పడం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు. తిప్పాననుకోవడమే గుర్తొచ్చింది. పన్నెండు రోజులు చెల్లెలికి చెప్పిన పాఠం ఎవరి గురించో ఆయనకు అప్పుడు తెలిసింది. ముసలాయన్ని చంపింది తను. నేరం చెల్లెలి చేత ఒప్పించింది కూడా తనే. టైము చూశాడు. పన్నెండుం పావు. మూడింటికి ఇంకా చాలా వ్యవధి ఉంది. బుల్లిని బయటపడేయొచ్చు అనుకున్నాడు. ఆ ఒక్క సంగతి ఆయనకు బలమిచ్చింది.

అప్పుడు ఫోను తీసి ఆ తెరకు ఒక ఫోటో తీసుకుని ఉంటే సరిపోయేది. ఏ కూరగాయల దుకాణం మనిషయినా ఆ పనే చేసేవాడు. మాస్టారికి తట్టలేదు. ఆయన వృత్తి ఆయనకు నేర్పింది వేరు: తెర మీద కనిపించేదాన్ని నమ్మకూడదు, ఎవడైనా పుట్టించొచ్చు, దాని అడుగున ఉన్న అసలు సరుకు కావాలి. ఆ జాబితాలో ట్యాబ్ నంబరు లేదు, నర్సు గుర్తింపు నంబరు లేదు. అవి రెండూ తందాన బుర్రలో ఉన్నాయి; పేజీలో చూపించకుండా వదిలేసింది తనే. నంబర్లతో సహా అన్నీ డిస్కు మీద రాసిపెట్టే లైను ఒకటి చేర్చితే, ఎవరూ కాదనలేని రుజువు దొరుకుతుంది. ఫైలు తెరిచాడు. ఆ లైను రాశాడు. ఒక్క తప్పు లేకుండా రాశాడు.

పాతికేళ్ళుగా లైను పూర్తయిన ప్రతిసారీ ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు వాటంతటవే సేవ్ నొక్కేవి. ఆలోచన ఉండేది కాదు, చెమట తుడుచుకున్నట్టే. నొక్కాయి.

తందాన తనకు నేర్పినట్టే చేసింది. ఫైలు మారిందని గమనించింది. ఆగింది. క్షణంలో మళ్ళీ మొదలైంది. చురుగ్గా, కొత్తగా, నీరసమంతా పోయి. తందాన సిద్ధం అని రాసింది. కబుర్లు: సున్న.

మాస్టారు ఆ సున్నను చాలాసేపు చూశాడు. తర్వాత రెండు గంటలు ఆయన చేయని పని లేదు. లాప్‌టాప్‌లో మూలమూలలా వెతికాడు. ఆఫీసు రౌటరు వారం రోజుల లెక్కలే ఉంచుకుంటుంది. వచ్చిన కబుర్లను తెర మీద గీతలు గీతలుగా రాసే ఏర్పాటు మొదట్లో ఉండేది. అది గోలగా ఉందని కిందటేడు తనే తీసేశాడు. ఎక్కడా ఏమీ లేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనేజరు అంతా విని, మీ దగ్గర రుజువుందా అని అడిగాడు. లేదన్నాడు. కంపెనీ ఇప్పటికే రాతపూర్వకంగా ఒక మాట చెప్పింది, మీరు చెప్పదల్చుకుంటే మీ సొంత మాటగా చెప్పుకోండి అని మేనేజరు తన కంప్యూటరు వైపు తిరిగాడు. చెల్లెలికి ఫోను చేస్తే ఆపేసి ఉంది. విచారణకు వచ్చేవాళ్ళు ఫోన్లు ఆపేయాలి.

ఆయన చేరేసరికి మూడూ ఇరవై. పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు, రిటైరైన పెద్ద నర్సు. ఒక పక్క ముసలాయన కూతురు కూర్చుని ఉంది. ఎదురుగా బుల్లి, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఉత్తరం చదవడం అప్పుడే అయింది. తప్పు ఒప్పుకున్నారు కాబట్టి, ఆవిడ బతుకు తెరువు తీసెయ్యాలని తనకేమీ లేదని, ఆరు నెలలు చాలని కూతురు అప్పుడే చెప్పి ముగించింది. మాస్టారు అనుమతి అడిగి నిలబడ్డాడు. గురువారం నుంచీ మొదలుపెట్టి అంతా చెప్పాడు. బొమ్మ సర్వరేమిటో, తనేం మర్చిపోయాడో, ఐదు కబుర్లూ ఏ నిమిషానికి వచ్చాయో, ఒక్కొక్కదానిలో ఏముందో. బల్ల మీద చేతులు పెట్టి, తప్పంతా తనదేనన్నాడు.

అధ్యక్షురాలు మర్యాదగానే విన్నది. విని అడిగింది.

"ఆ ట్యాబ్ ఇప్పుడు చూడొచ్చా?"

"మర్నాడే రీసెట్ చేశానండి."

"ఎవరు, మీరేనా?"

"నేనేనండి."

"ఆ కబుర్లు?"

"ఈ మధ్యాహ్నం పోయాయండి. నా చేతి మీదుగానే పోయాయి."

"ఇంకెవరైనా చూశారా?"

"లేదండి."

"మీరు ఈవిడకేమవుతారు?"

"అన్నయ్యనండి."

తన మాటలు తనకే ఎలా వినపడ్డాయో మాస్టారికి తెలిసింది. వాటిలో ఒక్క అబద్ధం లేదు. అయినా ఆ స్థానంలో తనున్నా నమ్మేవాడు కాదు. ముసలాయన కూతురు లేచి నిలబడింది. తప్పు ఒప్పుకున్నారని తను ఊరుకుందనీ, ఒప్పుకోవడం కూడా నాటకమే అయితే తన మాట వెనక్కి తీసుకుంటాననీ అంది. అధ్యక్షురాలు బుల్లి వైపు తిరిగి, ఉత్తరం వెనక్కి తీసుకుంటారా, తీసుకుంటే విచారణ మొదటి నుంచి జరుగుతుంది, అప్పుడు లైసెన్సు పూర్తిగా పోయినా పోవచ్చు, మీరేమంటారు అని అడిగింది.

బుల్లి అన్న వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. జాలి ఉంది.

"ఉత్తరంలో రాసిందే నిజమండి. నేను పంపలేదు. మా అన్నయ్య నా మీద బెంగతో అలా చెప్తున్నాడు. ఆయన మాట లెక్కలోకి తీసుకోకండి." ముసలాయన కూతురి వైపు తిరిగి చేతులు జోడించింది. "మీరూ మనసులో పెట్టుకోకండమ్మా."

మాస్టారు నోరు తెరిచాడు. అధ్యక్షురాలు చాలని చెయ్యి చూపించింది. ఆరు నెలలని రాసుకున్నారు. బుల్లి రెండు చోట్ల సంతకం పెట్టింది.

వరండాలో గోడ వారగా ఒక బెంచీ ఉంది. మాస్టారు చెల్లెల్ని దాని మీద కూర్చోబెట్టి, తను నిలబడే ఉన్నాడు.

"నా కోసం అంత అబద్ధం ఆడక్కర్లేదన్నయ్యా. అందరి ముందూ."

"అబద్ధం కాదు బుల్లీ. నువ్వు పంపావు. ఐదుసార్లూ పంపావు. చివర్లో 'వస్తున్నారా' అని రాశావు. ఆ మాట నువ్వు నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. చూడకపోతే నాకెలా తెలుస్తుంది?"

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో వెనక్కి వెళ్ళి వెతుకుతున్నట్టు కాసేపు నేల వైపు చూసింది. దొరికిందనే అనుకున్నాడు మాస్టారు.

"చెప్పానేమో," అంది. "నేనేం చెప్పానో ఏం చేశానో నాకిప్పుడేమీ తెలియడం లేదన్నయ్యా. పంపానంటే పంపలేదన్నావు. కాదన్నాను, ఏడ్చాను, నువ్వు కూర్చుని అన్నీ వివరంగా చెప్పావు. సర్లే అని నమ్మాను. నమ్మడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలీదు. ఇప్పుడొచ్చి పంపావంటున్నావు. మళ్ళీ మొదలుపెట్టకు. నావల్ల కాదు."

ఆయన మళ్ళీ మొదలుపెట్టలేదు. రుజువు లేకుండా ఏ మాటా నమ్మొద్దని ఆమెకు నేర్పింది తనే. మెట్లు దిగి ఇద్దరూ బస్సెక్కారు. ఖాళీగానే ఉంది, పక్కపక్కన కూర్చున్నారు. అన్న జేబులు తడుముకుంటూ ఉండిపోతే రెండు టిక్కెట్లూ ఆమే తీసుకుంది.